కోపం పుట్టిన చోటు వేరు, పడుతున్న చోటు వేరు

మీరు రాసినదాన్ని ముందు నాలుగు ముక్కల్లో చెప్తాను, ఇదే అవస్థలో ఉన్న మిగతావాళ్ళకీ పనికొస్తుంది. బెంగళూరులో, మారతహళ్ళిలో అద్దె ఇల్లు, మాన్యత టెక్ పార్క్‌లో ఉద్యోగం. శుక్రవారం సాయంత్రం పని అంటగట్టి సోమవారం పొద్దున్నే అడిగే మేనేజరు. ఇల్లు ఖాళీ చేస్తానంటే పెయింటింగ్ పేరు చెప్పి అడ్వాన్సులో కోత పెడతానంటున్న ఓనరు. ఈ ఇద్దరి ముందూ మీ గొంతు లేవదు. రాత్రి ఎనిమిదిన్నరకి ఇంటికొచ్చాక ఏడేళ్ళ పాప పాలు ఒలకబోస్తే మాత్రం రిమోట్ వెళ్ళి గోడకి తగిలింది. "నాకు ఈ కోపం పూర్తిగా పోవాలి. ధ్యానం చేయాలా, జిమ్‌లో బాక్సింగ్ బ్యాగుని గుద్దాలా?" అని అడిగారు.

పూర్తిగా పోనక్కర్లేదు. పోతే మీ అడ్వాన్సూ పోతుంది.

కోపం ఎందుకుందో తెలిస్తే తక్కిన సగం తేలికవుతుంది. మనకు రావలసినదానికి ఎవరైనా అడ్డుపడినప్పుడు, మనల్ని ఉండాల్సినదానికన్నా తక్కువ లెక్క కట్టినప్పుడు, ఆ లెక్క సరిచేయించడానికి శరీరం చేసే ఏర్పాటు అది. ఆరన్ సెల్, జాన్ టూబీ, లీడా కాస్మిడీస్ అనే పరిశోధకులు 2009లో దీన్ని ఒక రకం బేరంగా వివరించారు: "నా మంచిచెడ్డలకి నువ్వు ఇస్తున్న విలువ చాలదు, పెంచు" అన్న బేరం. అందుకే ఒకడు పొరపాటున కాలు తొక్కితే రాని కోపం, చూసి కూడా తొక్కితే వస్తుంది. నొప్పి రెండింటికీ ఒకటే, లెక్క వేరు. జేమ్స్ ఆవెరిల్ 1980ల మొదట్లో మామూలు మనుషుల రోజువారీ కోపాల మీద చేసిన సర్వేల్లో, అది ఎక్కువగా పరిచయస్తుల మీదా, కావలసినవాళ్ళ మీదా వస్తుందనీ, కొట్టుకునేదాకా పోవడం అరుదనీ, గొడవ తర్వాత మేలే జరిగిందని చెప్పినవాళ్ళు చాలామందనీ తేలింది. అంటే కోపం చాలాసార్లు పని చేస్తుంది. మీ ఇంట్లో పని చేయడం లేదు, ఎందుకంటే బాకీ ఉన్నది ఒకరు, మీరు వసూలుకి వెళ్తున్నది మరొకరి దగ్గరికి. దీనికి మనవాళ్ళు ఎప్పుడో పేరు పెట్టారు: అత్త మీద కోపం దుత్త మీద.

అయితే ఇది పిరికితనం అనుకుని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. పేదవాడి కోపం పెదవికి చేటు అన్నది కూడా మన సామెతే. మేనేజరు మీద అరిస్తే అప్రైజల్ పోతుంది, ఓనరు మీద అరిస్తే అడ్వాన్సు ఇంకో మూడు నెలలు వెనక్కి పోతుంది. అక్కడ మింగడం తెలివైన పనే. తప్పు మింగడంలో లేదు, మింగినదాన్ని మళ్ళీ ఇంకో రూపంలో అక్కడే అడగకపోవడంలో ఉంది. దాని సంగతి కాసేపట్లో.

ముందు శరీరం. కోపం వచ్చినప్పుడు అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగం, రక్తపోటు పెరుగుతాయి, దవడా పిడికిళ్ళూ బిగుసుకుంటాయి. ఈ వేడికి పేరు రాసి ఉండదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద టిన్ ఫ్యాక్టరీ కూడలి దగ్గర బస్సు వెనక నలభై నిమిషాలు ఇరుక్కుని పోగేసుకున్న వేడిని ఇంటి గుమ్మం దాటాక మెదడు కళ్ళ ముందున్నదాని ఖాతాలో వేసేస్తుంది. డాల్ఫ్ జిల్‌మన్ 1970లలో ప్రయోగశాలలో చూపించింది ఇదే: ఒక కారణంతో పెరిగిన ఉద్రేకం చల్లారకముందే ఇంకెవరైనా రెచ్చగొడితే, ఈ రెండో కోపం దాని న్యాయమైన కొలత కన్నా ఎక్కువగా వస్తుంది. ఒలికిన పాలకి చిటికెడు కోపం చాలు. మీ పాపకి దక్కింది ఔటర్ రింగ్ రోడ్డు మొత్తం.

ఇప్పుడు బాక్సింగ్ బ్యాగు సంగతి. వద్దు. కోపం ఆవిరి లాంటిది, బయటికి వదిలేస్తే ఖాళీ అవుతుందన్న నమ్మకం చాలా గట్టిది, చాలా తప్పు. బ్రాడ్ బుష్‌మన్ 2002లో 600 మంది విద్యార్థులతో చేసిన ప్రయోగంలో, తమకి కోపం తెప్పించినవాణ్ణి తలుచుకుంటూ బ్యాగు గుద్దినవాళ్ళు, ఏమీ చేయకుండా కూర్చున్నవాళ్ళకన్నా ఎక్కువ కోపంతో లేచారు. 2024లో ఆయనా సోఫీ షార్విక్ అనే పరిశోధకురాలూ కలిసి 154 అధ్యయనాలు, పదివేల పైచిలుకు మంది లెక్కలు కలిపి చూశారు. శరీరాన్ని చల్లబరిచేవి (నెమ్మది శ్వాస, ధ్యానం, కండరాలు వదులు చేయడం, యోగా) కోపాన్ని తగ్గించాయి. వేడెక్కించేవి మొత్తం మీద తగ్గించలేదు, జాగింగ్ అయితే పెంచింది కూడా. జిమ్‌కి వెళ్ళండి, గుండెకి మంచిది, నిద్రకి మంచిది. కోపానికి మందుగా మాత్రం వెళ్ళకండి, మేనేజరు ముఖం ఊహించుకుంటూ అసలు వద్దు.

ధ్యానం మంచిదే, కానీ అది వేడిని దించుతుంది, అడ్వాన్సు ఇప్పించదు. రెండూ వేరు వేరు పనులు. నలభై రోజులు ధ్యానం చేసి "అయినా కోపం వస్తూనే ఉంది" అనేవాళ్ళలో చాలామంది మొదటి పని చేసి రెండోది వదిలేసినవాళ్ళే.

వేడి దించే పద్ధతి ఇది. ముక్కుతో నాలుగు అంకెలు లెక్కపెట్టేదాకా పీల్చండి, ఆరు అంకెలదాకా వదలండి. పది సెకన్లకి ఒక శ్వాస, నిమిషానికి ఆరు. మూడు నుంచి ఐదు నిమిషాలు. వదిలేది పీల్చేదానికన్నా పొడుగ్గా ఉండటమే కిటుకు, గుండె వేగం తగ్గేది వదిలేటప్పుడే. తల తిరిగినట్టుంటే మరీ లోతుగా పీలుస్తున్నారని అర్థం, మామూలు గాలే తీసుకోండి, నెమ్మదిగా తీసుకుంటే చాలు. ఇది పని చేయలేదనేవాళ్ళ పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే: మొదటిసారి ప్రయత్నించేది కోపం తారస్థాయిలో ఉన్నప్పుడు. ఈత నేర్చుకునేది వరదలో కాదు కదా. రెండు వారాలపాటు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, ఏ కోపమూ లేనప్పుడు చేయండి. తర్వాత అవసరానికి అదే వస్తుంది.

మీకు దీనికి సరైన చోటు ఇంట్లో కాదు, బేస్‌మెంట్ పార్కింగులో. బండి ఆపాక వెంటనే లిఫ్ట్ ఎక్కకండి. పది నిమిషాలు అక్కడే. మొదటి ఐదు నిమిషాలు శ్వాస, తర్వాత ముఖం మీద నీళ్ళు, ఫోను జేబులో. ఆ పది నిమిషాల్లో ఆఫీసు వాట్సాప్ గ్రూపు తెరిస్తే లెక్క మళ్ళీ మొదటికి. ఇంట్లో చెప్పే ఉంచండి, "కింద పది నిమిషాలు కూర్చుని వస్తాను" అని. లేకపోతే అదొక కొత్త అనుమానం.

మీ చేతికి స్మార్ట్‌వాచ్ ఉంటే ఒక అంకె గుర్తుపెట్టుకోండి: 100. దంపతుల గొడవలని దశాబ్దాలపాటు గమనించిన జాన్ గాట్‌మన్ చెప్పే హద్దు ఇది. కూర్చుని మాట్లాడుతుండగా గుండె నిమిషానికి 100 దాటితే అవతలి మనిషి మాట చెవికి వస్తుంది, బుర్రకి ఎక్కదు. అప్పుడు ఆపి కనీసం ఇరవై నిమిషాలు విరామం తీసుకోవాలి. వాచీ లేకపోతే చెవులు వేడెక్కడం, దవడ బిగియడం, ఒకే వాక్యాన్ని మూడోసారి అనడం. ఈ మూడోది అన్నింటికన్నా నమ్మకమైన గుర్తు.

విరామం ఎలా చెడుతుందో కూడా చెప్పాలి. మాట మధ్యలో లేచి తలుపు వేసుకుని వెళ్ళిపోతే అది విరామం కాదు, శిక్ష. తిరిగొచ్చే టైము చెప్పకపోతే అలక. చెప్పాల్సింది ఇంతే: "నాకు కోపం వస్తోంది, ఇప్పుడు మాట్లాడితే చెడగొడతాను. తొమ్మిదిన్నరకి మాట్లాడదాం." తొమ్మిదిన్నరకి మీరే వెళ్ళాలి, మీ భార్య గుర్తు చేయకూడదు. రెండుసార్లు ఎగ్గొడితే మూడోసారి మీ విరామాన్ని ఎవరూ నమ్మరు. ఇక ఆ ఇరవై నిమిషాలూ టెర్రస్ మీద తిరుగుతూ "ఆవిడ ఇలా అంటే నేనిలా అంటాను" అని డైలాగులు రాసుకుంటే గంటయినా చల్లారదు. చేతికి పని, కంటికి పని ఇవ్వండి: గిన్నెలు కడగడం, ఆరిన బట్టలు మడతపెట్టడం.

ఆ తర్వాత ఒక్క ప్రశ్న వేసుకోండి. మీ ఇద్దరి మంచీ కోరే మూడో మనిషి, ఏ పక్షం కానివాడు, ఈ గొడవ చూస్తే ఏమంటాడు? 2013లో ఎలై ఫింకెల్ బృందం 120 దంపతులతో చేసిన రెండేళ్ళ అధ్యయనంలో సగం మంది రెండో ఏడాదిలో ఇదే ప్రశ్నకి మూడుసార్లు, ఒక్కోసారి ఏడేసి నిమిషాలు జవాబు రాశారు. వాళ్ళ కాపురంలో తృప్తి తరిగిపోవడం ఆగింది, రాయనివాళ్ళది తరుగుతూ పోయింది. ఏడాదికి ఇరవై ఒక్క నిమిషాలు.

వేడి దిగాక అసలు పని మొదలవుతుంది: ఈ కోపం ఏమడుగుతోంది? దీనికి తెలుగులో మనకి ఒక సౌకర్యం ఉంది. అన్నింటినీ కలిపి కోపం అని ఒక్క మాటతో సరిపెట్టకండి. అనుభూతికి పేరు పెడితే మెదడులో ప్రమాద ఘంట మోగించే అమిగ్డాలా చురుకు తగ్గుతుందని మాథ్యూ లీబర్‌మన్ 2007లో స్కానింగుల్లో చూపించాడు. పేరు ఎంత కచ్చితంగా ఉంటే తర్వాత ఏం చేయాలో అంత తేలిగ్గా తెలుస్తుంది.

చిరాకు అంటే ఏ ఒక్క కారణమూ పెద్దది కాదు, అన్నీ పోగుపడ్డాయి. దీనికి మాటలు అక్కర్లేదు, తిండీ నిద్రా కావాలి. మధ్యాహ్నం ఒంటిగంటకి తిని రాత్రి ఎనిమిదిన్నరకి ఇల్లు చేరేవాడికి ఆరింటికి ఒక అరటిపండో గుప్పెడు వేరుశనగలో లేకపోతే, ఏడున్నరకి నాగవార నుంచి హొరమావు దాకా ఎవరు హారన్ కొట్టినా శత్రువే.

ఉక్రోషం వేరు. తప్పు జరిగిందనీ తెలుసు, ఏం చేయలేమనీ తెలుసు. కన్నీళ్ళకి దగ్గరి చుట్టం ఇది. మీ ఓనరు విషయంలో మీది ఇదే అని నా అంచనా. దీనికి మందు చేతనైన ఒక చిన్న పని, ఈ రోజే చేయగలిగినది.

రోషం నలుగురిలో పరువు మీద పడిన దెబ్బ. మీటింగులో అందరి ముందూ "ఇది కూడా తెలీదా" అన్నప్పుడు వచ్చేది. నలుగురిలో జవాబిస్తే ఇద్దరి పరువూ పందెం మీదికి వస్తుంది, కాబట్టి జవాబు ఒంటరిగా, మర్నాడు.

అలక దగ్గరివాళ్ళు వచ్చి అడగాలని పడే కోపం. లోపల ఉన్నది కోరిక, కోపం దాని పైచీర. అడిగేయడమే దారి. కసి అన్నింటికన్నా చివరిది, అది న్యాయం గురించి ఆలోచించడం మానేసి శిక్ష గురించి ఆలోచిస్తోంది. కసిగా ఉన్నప్పుడు మెయిల్ లేదు, రాజీనామా లేదు, వాట్సాప్ స్టేటస్ అసలే లేదు.

రెండు వారాలు ఒక చిన్న నోట్‌బుక్ పెట్టండి. కోపం వచ్చిన ప్రతిసారీ ఐదు వివరాలు: టైము, కెమెరాలో పడేట్టు జరిగిందేమిటి, దాన్ని చూసి మీలో మీరు ఏమనుకున్నారు, పదికి ఎంత, పై పేర్లలో ఏది. రెండోదీ మూడోదీ కలపడంలోనే అందరూ తప్పుతారు. "పాప లెక్కచేయకుండా పాలు ఒలకబోసింది" అనేది కెమెరాలో పడదు. "గ్లాసు మోచేయి తగిలి పడింది" అనేది పడుతుంది. "లెక్కచేయకుండా" మీరు కలిపినది. పద్నాలుగు రోజుల తర్వాత ఆ మూడో వరస చదివితే ఒకే వాక్యం పదే పదే కనిపిస్తుంది, చాలామందికి అది "నన్నెవరూ లెక్కచేయరు" చుట్టూ తిరుగుతుంది. ఆ వాక్యం పుట్టింది ఆఫీసులో అయితే దానికి జవాబు కూడా ఆఫీసులోనే వెతకాలి.

ఇక మింగినదాన్ని మళ్ళీ అడగడం. మేనేజరుతో అడిగే తీరులో మూడు ముక్కలు: జరిగింది, దానివల్ల పనికి జరిగిన నష్టం, ఇకపై కావలసిన ఒక్క మార్పు. ఇలా: "గత నెలలో మూడు శుక్రవారాలు ఆరు దాటాక పని వచ్చింది, సోమవారం తొమ్మిదికి కావాలన్నారు. రెండుసార్లు టెస్టింగ్ సగంలోనే ఇచ్చాం, బగ్స్ తిరిగొచ్చాయి. ఇకపై గురువారం మధ్యాహ్నంలోగా చెప్పండి, లేదంటే గడువు సోమవారం సాయంత్రం పెట్టండి." మంగళవారమో బుధవారమో మాట్లాడండి, శుక్రవారం ఏడింటికి కాదు. "ఎప్పుడూ", "ప్రతిసారీ" అన్న మాటలు రాకూడదు, వస్తే అవతలివాడు ఒక్క మినహాయింపు చూపించి మొత్తం కొట్టేస్తాడు. రెండు ప్రత్యామ్నాయాలు ఇచ్చారు కాబట్టి అతను ఏది ఎంచుకున్నా మీ లెక్క సరిపడుతుంది. వెంటనే ఒప్పుకోకపోవచ్చు. అయినా అడిగిన రోజు రాత్రి ఇంట్లో తేడా తెలుస్తుంది.

ఓనరుతో వాదన ఫోన్లో వద్దు, రాతలో పెట్టండి. అగ్రిమెంటు తీసి పెయింటింగ్ గురించి ఏం రాసుందో చదవండి. బెంగళూరు అగ్రిమెంట్లలో ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఒక నెల అద్దె అని తరచూ ఉంటుంది, మనం చదవకుండానే సంతకం పెడతాం. ఉంటే అంతవరకూ మీదే, దాని మీద కోపం దండగ. అంతకు మించి అడుగుతుంటే గోడల ఫోటోలు తీసి, అడ్వాన్సు ఎంత, ఏ తేదీన పంపారు, అగ్రిమెంటులో ఏ క్లాజు, ఎంత తిరిగి రావాలి, ఏ తేదీలోగా, ఈ ఐదూ ఒకే మెసేజీలో పెట్టండి. విశేషణాలు ఒక్కటీ వద్దు. రాసి, రాత్రి పంపకుండా, పొద్దున కాఫీ తర్వాత చదివి పంపండి.

ఈ ఊళ్ళో మనవాళ్ళకి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఒకటుంది, ఎక్కడా రాయరు. రాని భాషలో కోపం మన ఉద్దేశం కన్నా మొరటుగా వినిపిస్తుంది. కన్నడంలో "నీను" ఏకవచనం, "నీవు" గౌరవ వాచకం. మనకి "నీవు" అంటే ఏకవచనమే కాబట్టి తికమకపడి, ఆటో ఆయనతో మీటరు గురించి మాట్లాడుతూ "నీను" అనేస్తాం. ఆయనకి వినపడేది మీటరు కాదు, ఏకవచనం. అక్కణ్ణుంచి గొడవ ఇరవై రూపాయలది కాదు, పరువుది. తెలియకపోతే క్రియలన్నింటికీ చివర "రి" ఉండేలా చూసుకోండి, "హేళిరి", "బన్నిరి" అంటే ఎవరూ నొచ్చుకోరు. కోపంగా ఉన్నప్పుడు బాగా వచ్చిన భాషలోనే, తక్కువ మాటల్లో మాట్లాడటం మేలు.

పాపకి క్షమాపణ చెప్పారా? మీరు రాయలేదు. ఏడేళ్ళ పిల్లకి అర్థమయ్యే మాటల్లో, ఆమె ఎత్తుకి కూర్చుని చెప్పండి: "నిన్న నేను రిమోట్ విసిరాను. అది తప్పు. నువ్వు భయపడ్డావు. పాలు ఒలకడం తప్పు కాదు. ఈసారి నాకు కోపమొస్తే బాల్కనీలోకి వెళ్తాను." "కానీ నువ్వు కూడా జాగ్రత్తగా ఉండాలి" అని చివర తగిలిస్తే పైదంతా చెరిగిపోతుంది. "పర్లేదు నాన్నా" అని ఆమె చేత అనిపించుకోకండి, మిమ్మల్ని ఓదార్చడం ఆమె పని కాదు. తర్వాత ఒకరోజు మళ్ళీ ఏదో ఒలుకుతుంది. అప్పుడు ఆమె ముందు తుడిచే గుడ్డ వైపు చూస్తోందా, మీ ముఖం వైపు చూస్తోందా గమనించండి. మీ నోట్‌బుక్ అంకెలకన్నా నేను దాన్నే ఎక్కువ నమ్ముతాను.

డాక్టర్ని అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఈ కోపం కొద్ది నెలల కిందే కొత్తగా మొదలై, బరువు తగ్గడం, చేతులు వణకడం, గుండె దడ కూడా ఉంటే థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. మగవాళ్ళలో డిప్రెషన్ చాలాసార్లు ఏడుపుగా కాక చిరాకుగా బయటపడుతుంది. గురకపెట్టి, ఎనిమిది గంటలు పడుకున్నా అలసటగా లేస్తుంటే నిద్రలో శ్వాస ఆగుతోందేమో చూపించుకోవాలి. మందు తాగిన రాత్రులే గొడవలు జరుగుతున్నాయని నోట్‌బుక్ చూపిస్తే పైన చెప్పినవాటికన్నా ముందు దాని సంగతి చూడాలి. కోపం వచ్చిన ప్రతిసారీ గుండెకి ఖర్చే: తీవ్రమైన కోపం తర్వాత రెండు గంటల్లో గుండెపోటు ముప్పు మామూలు సమయాలకన్నా దాదాపు ఐదు రెట్లని 2014లో పాత అధ్యయనాలు కలిపి లెక్కకట్టారు. ఆరోగ్యవంతుడికి ఆ ముప్పు మొదట్లోనే చిన్నది కాబట్టి ఐదు రెట్లయినా చిన్నదే; బీపీ, షుగరు ఉన్నవాళ్ళకి అలా కాదు.

ఒక హద్దు. రిమోట్ గోడకి తగలడం దాకా వచ్చింది. ఇకపై ఎవరి మీదైనా చెయ్యి లేచినా, మీరు ఇంటికొస్తున్నారంటేనే ఇంట్లో వాళ్ళు గొంతులు తగ్గిస్తున్నా, నోట్‌బుక్ చాలదు. మనిషి సాయం కావాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, ఉచితం. హోసూరు రోడ్డులో నిమ్హాన్స్ మానసిక వైద్యశాల ఉంది; ఆసుపత్రి అంటే సంకోచమైతే బీటీఎం లేఅవుట్‌లో వాళ్ళదే సెంటర్ ఫర్ వెల్‌బీయింగ్ ఉంది. మీ భార్య ఇది చదువుతుంటే, ఆవిడకి: భయం వేసిన రోజు మహిళల హెల్ప్‌లైన్ 181, ప్రమాదం ముంచుకొస్తే అత్యవసర నంబరు 112. 2005 నాటి గృహహింస చట్టం కింద వస్తువులు విసిరి బెదిరించడం, మాటలతో హింసించడం కూడా లెక్కలోకి వస్తాయి, దెబ్బ పడేదాకా ఆగనక్కర్లేదు.

వరస మాత్రం తారుమారు చేయకండి. ఈ రాత్రి పాపతో మాట్లాడండి. రేపటి నుంచి పార్కింగులో పది నిమిషాలు, నోట్‌బుక్. ఈ శనివారం అగ్రిమెంటు చదివి ఓనరుకి మెసేజీ. మేనేజరుతో మాట నోట్‌బుక్ రెండు వారాలు నిండాక, ఎందుకంటే అప్పటికి ఎన్ని శుక్రవారాలో తేదీలతో సహా మీ చేతిలో ఉంటాయి. ఆరు వారాల తర్వాత కూడా ఇంట్లో గొడవలు ఇంతే ఉంటే 14416కి చేయండి, నోట్‌బుక్ పక్కన పెట్టుకుని మాట్లాడండి, వాళ్ళు మొదట అడిగేవి అందులోనే ఉంటాయి.